కాక్‌టెయిల్‌కు ‘తగినంత’ అనే కొలత సరిపోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. కిందటి ఆదివారం మీ అనుబంధంలో హైదరాబాదు కాక్‌టెయిల్ బార్ల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పొగలు కక్కే గ్లాసులు, వాటి మీద తేలే పూలరేకులు, ఒక్కో గ్లాసుకు పడే బిల్లు, అన్నీ వివరంగా రాశారు. అయితే కాక్‌టెయిల్ అనేది నిన్నమొన్న పడమటి దేశాల నుంచి మన నగరాలకు దిగిన సరదా అని అందులో రాయడమూ, చివర ‘ఇంట్లోనే చేసుకోండి’ అంటూ వేసిన పెట్టెలో రమ్ము కొంచెం, నిమ్మరసం తగినంత, పంచదార రుచికి సరిపడా అని ఇవ్వడమూ చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. మొదటిది చరిత్ర తెలియక రాసిన మాట. రెండోది అంతకన్నా పెద్ద లోపం. పప్పులో ఉప్పు చేత్తో వేసినా చెల్లుతుంది గానీ, మద్యాన్ని చేత్తో పోయమని పత్రిక చెప్పకూడదు.

నేను బాపట్లలో ఒక జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా మేనల్లుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాదులో ఒక హోటలు బారులో పనిచేస్తున్నాడు. పండగలకు వాడు వచ్చినప్పుడల్లా పాతకాలపు కాక్‌టెయిళ్లు ఒకటొకటిగా నేర్చుకోవడం నాకొక వ్యాపకం అయింది. మా ఇంట్లో దీన్ని మెచ్చుకునేవాళ్లు లేరు, అడ్డుకునేవాళ్లూ లేరు.

చరిత్ర సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది మా ఊరి పక్కదే. నేటి కాక్‌టెయిళ్లన్నిటికీ తాత వరస అయ్యేది పంచ్ అనే పానీయం. సారాయి, పులుపు, తీపి, నీళ్లు, పైన కాస్త జాజికాయ పొడి, ఇంతే దాని సరంజామా. ఇంగ్లీషు రాతల్లో ఈ పేరు కనిపించే చోట్లలో ఇప్పటివరకు దొరికిన అతి పాతది 1632 నాటి ఒక ఉత్తరం. రాసినవాడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్, అందుకున్నవాడు పెటపోలీలో ఉన్న కంపెనీ వర్తకుడు థామస్ కాలీ. ఇంగ్లీషువాళ్లు పెటపోలీ అని రాసుకున్న ఆ రేవు మరేదో కాదు, ఇప్పటి బాపట్ల జిల్లాలో చేపల పడవలు నిలిచే నిజాంపట్నం. 1611లో కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నానికి వెళుతూ దారిలో ఇక్కడ ఆగింది. ఆడమ్స్ ఉత్తరం రాసిన 1632లోనే గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకు బంగారు ఫర్మానా ఇచ్చి, ఏడాదికి 500 పగోడాలు, అంటే ఆనాటి బంగారు నాణేలు, కట్టించుకుని తన రేవుల్లో వ్యాపారం చేసుకోనిచ్చాడు.

ఆ ఉత్తరంలో ఆడమ్స్ తన మిత్రుణ్ణి, తోడు దొరికినవాడితో కలిసి ఇల్లు చక్కగా నడుపుకొమ్మని చెప్పి, పంచ్ విషయంలో ‘అలవెన్సు’ మాట ఎత్తుతాడు. లెక్క లేకుండా తాగమని చెప్పినట్టుగానూ, అసలే తాగవద్దని చెప్పినట్టుగానూ ఆ వాక్యాన్ని చదువుకోవచ్చు. ఎలా చదివినా, ఆ పానీయం గురించి మనకు దొరికిన మొదటి ముక్కే ఎంత తాగాలన్న దాని మీద ఉండటం నాకు భలే నచ్చింది. ఆరేళ్ల తరువాత, 1638లో, జర్మను యాత్రికుడు మాండెల్‌స్లో సూరతులో ఇంగ్లీషువాళ్లు సారాయి, గులాబీ పన్నీరు, నిమ్మరసం, పంచదార కలుపుకుని తాగడం చూసి రాసుకున్నాడు. దీన్నిబట్టి పంచ్‌ను తెలుగువారు కనిపెట్టారని నేను అనడం లేదు. ఓడల్లో వచ్చిన బీరూ ద్రాక్షసారా మన ఎండకు చెడిపోతుంటే, మన రేవుల్లో దొరికే సారాయినీ నిమ్మకాయనూ చక్కెరనూ పరదేశీయులు ఒక గిన్నెలో చేర్చుకున్నారనే అంటున్నాను. ఆ గిన్నె లండనుకూ, అక్కడి నుంచి అమెరికాకూ వెళ్లింది. 1806లో న్యూయార్కు రాష్ట్రంలోని హడ్సన్ పట్నపు పత్రిక ఒకటి, పాఠకుడి ప్రశ్నకు జవాబుగా, కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, బిటర్స్ అనే చేదు ద్రావకం కలిపినదని అచ్చువేసింది. 1862లో జెర్రీ థామస్ అనే బార్‌మన్ ఆ దేశంలో మొట్టమొదటి కాక్‌టెయిల్ పుస్తకం అచ్చువేయించాడు. అందులోనూ ముందుగా వచ్చేవి పంచ్‌లే. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం ఉన్నప్పుడు మంచి పనివాళ్లు కొందరు హవానాకూ లండనుకూ పారిస్‌కూ వెళ్లిపోయారు కనుక ఈ విద్య లోకమంతా పాకింది. నాలుగు వందల ఏళ్ల కిందట మన తీరం నుంచి బయలుదేరిన సరుకును దిగుమతి సరదా అనడం న్యాయం కాదు.

ఇక చేసుకోవడం. వ్యాసంలో పేర్కొన్న బార్లలో ఒక్కో గ్లాసులోకి ఎనిమిదీ పదీ రకాలు పోస్తారు. క్లాసిక్ అనిపించుకున్నవాటిలో చాలావాటికి మూడే చాలు. వాటిలో మన ఇళ్లకు సరిగ్గా అమరేది డైకిరీ. క్యూబాలో శాంటియాగో దగ్గర డైకిరీ అనే చిన్న ఊళ్లో ఇనుప గనులుండేవి. అక్కడ పనిచేసిన అమెరికను ఇంజనీరు జెన్నింగ్స్ కాక్స్ పేరు మీద ఈ పానీయం 19వ శతాబ్దం చివర ప్రచారంలోకి వచ్చింది. హవానాలోని ఫ్లోరిడితా బారులో కాన్‌స్తాంతీనో రిబలైగ్వా దాన్ని ఒక పద్ధతికి తెచ్చాడు. తెల్ల రమ్ము 60 మిల్లీలీటర్లు, అప్పుడే పిండిన నిమ్మరసం 20, పాకం 15. ఇంతకు మించి అందులో ఏమీ లేదు.

ఇక్కడ మనకొక సదుపాయం ఉంది, దాన్ని వ్యాసకర్త గుర్తించలేదు. క్యూబాలో ఈ పానీయానికి పిండినది మన గూడూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్లలో బస్తాల కొద్దీ అమ్ముడుపోయే పల్చటి తొక్క చిన్న నిమ్మజాతినే. అమెరికాలో ఇప్పుడు అమ్మే గింజలేని పెద్ద ఆకుపచ్చ కాయ వేరే రకం. అందువల్ల అక్కడి కొలతలు చూసి 25, 30 మిల్లీలీటర్లు పోసేవాళ్ల గ్లాసులో నిమ్మ తప్ప మరేదీ తెలియదు. మన కాయకు 20 దాటనక్కర లేదు. పొద్దున పిండి ఫ్రిజ్జులో పెట్టిన రసం సాయంత్రానికి చేదు తిరుగుతుంది కనుక, కాయ కోయడం గ్లాసు తీసిన తరువాతే.

పాకం అనగానే మన ఆడవాళ్లకు తీగపాకమో ముదురుపాకమో గుర్తుకొస్తుంది. దీనికి పొయ్యే అక్కర లేదు. పంచదారా నీళ్లూ సమానంగా ఒక సీసాలో పోసి, కరిగేదాకా కదిపితే చాలు, ఫ్రిజ్జులో వారం పైనే నిలుస్తుంది. పంచదారను నేరుగా చల్లటి నిమ్మరసంలో వేస్తే పలుకులుగా అడుగున ఉండిపోయి, మొదటి గుక్క పుల్లగా, చివరి గుక్క తియ్యగా ఉంటుంది. పులుసులో చింతపండునూ బెల్లాన్నీ ఒకదానికొకటి దిద్దుకునే చేతికి ఈ జోడీ కొత్త కాదు. తేడా అంతా చలువలోనే ఉంది. చల్లబడిన కొద్దీ నాలుకకు తీపి తగ్గినట్టు తోస్తుంది కనుక, మామూలు వేడిమి దగ్గర కాస్త తియ్యగా అనిపించే మిశ్రమమే ఐసులో కలిశాక సరిగ్గా కుదురుతుంది.

ఐసు గురించి మా మేనల్లుడు మొదటిరోజు అన్న మాట ఇది: “మామయ్యా, ఐసు చల్లదనానికే కాదు, అదీ ఒక సరుకే. దాన్ని కూడా కొలవాలి.” కెమిస్ట్రీ మాష్టారికి ఇది చెప్పనక్కర లేదనుకున్నాను గానీ, చేసి చూస్తే గానీ దాని తూకం తెలియలేదు. పైన చెప్పిన 95 మిల్లీలీటర్లను గట్టి ఐసుముక్కలతో పది పన్నెండు సెకన్లు ఆడించి వడగడితే, కొలగ్లాసులో 130 దాకా చూపిస్తుంది. అంటే పావు వంతు పైగా నీళ్లే. ఆ నీళ్లు లేకపోతే రమ్ము గొంతులో గుచ్చుకుంటుంది, ఎక్కువైతే నిమ్మ మజ్జిగతేటలా తేలిపోతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, సున్నా డిగ్రీల ఐసుతో ఆడించిన మిశ్రమం సున్నాకు కింద నాలుగైదు డిగ్రీలకు దిగుతుంది. ఆల్కహాలు వల్ల నీటి ఘనీభవన స్థానం తగ్గుతుందని పిల్లలకు బోర్డు మీద చెప్పిన పాఠాన్ని, స్టీలు డబ్బా మీద తెల్లటి నూగు పట్టి వేళ్లు అంటుకుపోయేటప్పుడు చూస్తుంటే వేరే తృప్తి. షేకర్ అంటూ ప్రత్యేకంగా కొనలేదు. బిగుతైన మూత ఉన్న స్టీలు డబ్బా, టీ వడగట్టే జాలి సరిపోయాయి. ఐసు ట్రే మాత్రం మూత ఉన్నది కొనాలి. చేపల ముక్కల పక్కన మూత లేకుండా గడ్డకట్టిన ఐసుతో చేసిన డైకిరీని ఎవరికీ ఇవ్వలేం.

నిమ్మరసం ఉన్నవాటిని డబ్బాలో వేసి ఆడించాలి, మద్యాలు మాత్రమే ఉన్నవాటిని ఐసుతో చెంచా వేసి నెమ్మదిగా తిప్పాలి. ఆడిస్తే గాలి బుడగలు చేరి మిశ్రమం మసకబారుతుంది, తిప్పితే తేటగా ఉంటుంది. డైకిరీలో రమ్ము తీసి జిన్ను పోస్తే గిమ్లెట్ వరసలోకీ, విస్కీ పోస్తే విస్కీ సవర్‌లోకీ వెళ్లిపోతాం. ఇలా ఒక్క కొలత చేతికి పట్టుబడితే అరడజను పానీయాలు వాటంతటవే వస్తాయి. గోవాలో తయారైన మంచి జిన్నులు 2017 తరువాత మన దుకాణాల్లోకీ రావడం మొదలైంది. విస్కీ దగ్గర చిన్న చిక్కుంది. మన దేశంలో చవకగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం బెల్లపుమడ్డి నుంచి తీసిన స్పిరిట్. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. దానితో ఓల్డ్ ఫ్యాషన్డ్ (విస్కీ, చక్కెర, బిటర్స్ కలిపేది) చేస్తే చెడిపోదు గానీ, రమ్ముతో చేసినట్టే ఉంటుంది. జిన్ను, కంపారి అనే చేదు మద్యం, ఎర్ర వెర్మూత్ మూడూ సమానంగా, తలా 30 మిల్లీలీటర్లు పోసే ఫ్లారెన్సు నగరపు నెగ్రోనీ కొలవడానికి అన్నిటికన్నా తేలిక. కాకపోతే ఆ రెండు ఇటలీ సీసాలు జిల్లా ఊళ్లలో దొరకవు, దొరికిన చోట ధర చాలా ఎక్కువ. వెర్మూత్ ద్రాక్షసారా జాతిది కనుక మూత తీశాక ఫ్రిజ్జులో పెట్టి నెలా రెండు నెలల్లో వాడేయాలి. అల్మారాలో ఏడాదిగా నిలబెట్టిన సీసాతో చేసి, నెగ్రోనీ నచ్చలేదనడంలో అర్థం లేదు.

వ్యాసంలో జిన్ టానిక్ గురించి ఉన్న ఒక వాక్యాన్ని కూడా సరిదిద్దాలి. అది మలేరియా రాకుండా కాపాడుతుందని, అందుకే తెల్లదొరలు తాగేవారని రాశారు. సింకోనా చెట్టు బెరడు నుంచి 1820లో వేరుచేసిన క్వినైన్ నిజంగా మలేరియాకు మందే. 1858లో లండనులో ఎరాస్మస్ బాండ్ టానిక్ నీళ్లకు పేటెంటు తీసుకున్నదీ, తరువాత నీలగిరుల్లో సింకోనా తోటలు వేసినదీ నిజమే. కానీ ఈనాడు సీసాల్లో అమ్మే టానిక్‌లో క్వినైన్ చేదు రుచి కోసం మాత్రమే ఉంటుంది. అమెరికాలో దానికి పైహద్దు లీటరుకు సుమారు 83 మిల్లీగ్రాములు. మలేరియా రోగికి రోజుకు గ్రాము పైన ఇచ్చేవారు కనుక, ఆ లెక్కన పన్నెండు లీటర్లకు మించి టానిక్ తాగితే గానీ ఒక్కరోజు మందు కాదు. మలేరియా దోమ ద్వారా వస్తుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ రుజువు పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే. అలాంటి చోట అచ్చయ్యే పత్రికలో, వానాకాలంలో, జిన్ను దోమకాటుకు విరుగుడన్న మాట రాకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే కొలతకు వస్తాను. పెగ్గు అంటే మనవాళ్లకు చిన్నది 30, పెద్దది 60 అని తెలుసు. తెలిసీ, మూత పెట్టో వేలు అడ్డం పెట్టో పోసుకునేవాళ్లే ఎక్కువ. మన దేశంలో సీసాలో వచ్చే రమ్ము, విస్కీ, జిన్నుల్లో చాలావాటి బలం 42.8 శాతం. ఆ లెక్కన 60 మిల్లీలీటర్లలో దాదాపు 26 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు, తూకంలో 20 గ్రాములు ఉంటుంది. కనుక ఒక్క డైకిరీ అంటే, 10 గ్రాములను ఒక మోతాదుగా లెక్కపెట్టే దేశాల్లో, రెండు మోతాదులు. పాకమూ నిమ్మరసమూ కలిసిన చల్లటి పానీయంలో మద్యం ఘాటు నాలుకకు తెలియదు. అందుకే ఈ రకం పానీయాలకు కొలత మరీ అవసరం. ‘తగినంత’ అని పోసుకున్నవాడి గ్లాసులో 60 ఉందో 110 ఉందో అతనికీ తెలియదు, తాగమని ఇచ్చిన అతిథికీ తెలియదు. స్టీలు సామాన్ల దుకాణంలో ఒకవైపు 30, ఒకవైపు 60 పట్టే చిన్న కొలపాత్ర దొరుకుతుంది. అది కొనకుండా సీసా కొనవద్దని మా మేనల్లుడు తన స్నేహితులకు చెబుతుంటాడు.

ఈ ఉత్తరం చదివి, నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ తోటి ఆడవాళ్లూ 1992లో సారా దుకాణాలను మూయించిన సంగతి మరిచిపోయారా అని అడిగేవాళ్లు ఉంటారు. మరవలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది ఆ ఆడవాళ్ల వల్లే, 1995లో పూర్తి మద్యనిషేధానికి దారి తీసిందీ వాళ్ల పోరాటమే. 1997లో దాన్ని ఎత్తివేసిన తరువాత మళ్లీ వచ్చిన బెల్టు షాపుల్లో కొలత ఎవరికీ పట్టలేదు. కూలి డబ్బులు క్వార్టర్ సీసాకు పోయే ఇంటి ముందు నిలబడి డైకిరీ గురించి మాట్లాడటం మర్యాద కాదని నాకు తెలుసు. తాగనివాళ్లు మొదలుపెట్టాలనీ నేను చెప్పడం లేదు. ఆరోగ్యానికి ముప్పులేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. నా మాట, మీ వ్యాసం ఎవరిని ఉద్దేశించిందో, అంటే ఇదివరకే తాగుతూ, ఇకపై ఇంట్లో కలుపుకుందామని సరదా పడే మధ్యతరగతి చదువరులు, వాళ్లకు సంబంధించినంతవరకే. సోడా పోసి రెండు గుక్కల్లో ఖాళీ చేసి, మంచింగ్ ప్లేటు వైపు చేయి చాచే అలవాటుకన్నా, కాయ పిండి, పాకం కొలిచి, ఐసు ఆడించి, ఒక్క గ్లాసును అరగంట సేపు తాగే అలవాటులో మద్యం తక్కువ పడుతుందని నేను చూసినంతలో చెప్పగలను. రెండో గ్లాసు కావాలంటే మళ్లీ అంత పనీ చేయాలి. చాలాసార్లు బద్ధకమే గెలుస్తుంది.

కనుక మీకు నా విన్నపాలు ఇవి. మద్యం కలిపే ఏ పద్ధతినైనా ఇకముందు అచ్చువేసేటప్పుడు ప్రతి సరుకునూ మిల్లీలీటర్లలో ఇవ్వండి, పక్కనే ఆ గ్లాసులో ఆల్కహాలు ఎన్ని గ్రాములో కూడా వేయండి; సీసా మీద రాసిన శాతంతో మిల్లీలీటర్లను హెచ్చవేసి, నూరుతో భాగించి, ఆల్కహాలు సాంద్రత 0.789తో మళ్లీ హెచ్చవేస్తే వస్తుంది, మీ ఉపసంపాదకులకు నిమిషం పని. 21 ఏళ్లు నిండనివారికి మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యం అమ్మకూడదన్న నిబంధనను అదే పెట్టెలో ఒక్క వరుసలో చేర్చండి. బార్ల మీద మరో వ్యాసం రాయించేటట్టయితే, పూలరేకుల ధర బదులు, ఆ బార్‌మన్ నిమ్మకాయలు ఏ ఊరి నుంచి తెప్పిస్తున్నాడో, రోజులో ఎన్నిసార్లు రసం పిండుతున్నాడో అడిగి రాయించండి. జిన్ టానిక్ మలేరియాను ఆపుతుందన్న వాక్యానికి మాత్రం ఆలస్యం చేయకుండా, రేపటి సంచికలోనే సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
బాపట్ల